అప్‌గ్రేడ్ నొక్కే ముందు తెలుగులో ఒక పేరు కొట్టి చూడండి: బెంగళూరు తెలుగు లినక్స్ మిత్రులకు బహిరంగ లేఖ

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవు రోజుల్లో లినక్స్ వేసిపెడుతున్న తెలుగు ఇంజనీర్లకు, వాలంటీర్లకు నమస్కారం.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయినప్పుడు, ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న డెస్క్‌టాప్‌లను పాత ఇనుముకు వేయకుండా కాపాడింది మీరే. పైసా తీసుకోకుండా చేశారు. ఆ మేలు మరచిపోలేదు.

ఇక ఫిర్యాదు. వేసిపెట్టిన సిస్టమ్‌ను ఏడాదికో రెండేళ్లకో మీరే అప్‌గ్రేడ్ చేస్తున్నారు. చాలాసార్లు ఇంట్లో కూర్చుని, దూరం నుంచి కమాండ్లు నడిపే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా, ఆదివారం రాత్రిపూట. సోమవారం పొద్దున మా డీటీపీ షాపు తెరిస్తే తెలుగు పడదు. వాట్సాప్ గ్రూపులో అడిగితే జవాబులు మూడే: "ఒకసారి రీస్టార్ట్ చేయండి", "అది అప్‌స్ట్రీమ్ సమస్య", "వేలాండ్ అంతే, అలవాటు చేసుకోవాలి". అప్‌స్ట్రీమ్ సమస్య అంటే సాఫ్ట్‌వేర్‌ను మొదట రాసినవాళ్ల దగ్గరి సమస్య అని. విడివిడిగా అడిగినన్నాళ్లూ ఇవే జవాబులు వచ్చాయి కాబట్టి అందరం కలిసి బహిరంగంగా రాస్తున్నాం.

ముందే ఒక మాట. లినక్స్‌లో తెర మీద విండోలు చూపించి, కొట్టిన కీలను యాప్‌లకు చేర్చే పని పాతరోజుల్లో ఎక్స్11ది, ఇప్పుడు వేలాండ్‌ది. వేలాండ్ వద్దని ఎవరూ అనడం లేదు. ఎక్స్11 పుట్టింది 1987లో. అందులో ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌లో కొడుతున్న కీలను నిక్షేపంగా చదివేయగలదు. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే మెషీన్‌లో అది పనికిరాని పద్ధతే. పైగా వెనక్కి వెళ్లే దారి ఎలాగూ మూసుకుపోతోంది. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన, కేడీఈ వాళ్ల డెస్క్‌టాప్ ప్లాస్మా 6లో వేలాండే డిఫాల్ట్. ఇంకో డెస్క్‌టాప్ గ్నోమ్ 49లో ఎక్స్11 సెషన్‌ను, అంటే ఎక్స్11 మీద లాగిన్ అయ్యే దారిని, డిఫాల్ట్‌గా ఆపేశారు. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 25.10లో గ్నోమ్‌కు వేలాండ్ సెషన్ ఒక్కటే ఉంది. ప్లాస్మా 6.8 నుంచి ఎక్స్11 సెషన్ ఉండదని, ఉన్నదానికి 2027 మొదటి నెలల దాకా మద్దతు ఇస్తామని కేడీఈ ప్రకటించింది. మారక తప్పదని మాకూ తెలుసు. మార్చేవాళ్లు తెలుగును పరీక్షించకుండా మార్చడమే మా అభ్యంతరం.

ఇంకో లినక్స్ రకం డెబియన్ 12 నుంచి 13కి వెళ్తే ప్లాస్మా 5.27 నుంచి 6.3కి, గ్నోమ్ 43 నుంచి 48కి ఒకే గెంతు. ఉబుంటు 22.04 నుంచి 24.04కి వెళ్తే గ్నోమ్ 42 నుంచి 46కి. ఈ గెంతుల్లో ఏమేం విరుగుతున్నాయో, ఎందుకు విరుగుతున్నాయో కింద రాశాం.

1. తెలుగు టైపింగ్ ఆగిపోవడం

ప్లాస్మా 5లో, తెలుగు టైపింగ్ నడిపే ఐబస్ పనిచేయడానికి మీలో చాలామంది హోమ్ ఫోల్డర్‌లోని డాట్ ఎక్స్‌ప్రొఫైల్ ఫైలులో మూడు వరుసలు రాసి వెళ్లారు: జీటీకే ఐఎం మాడ్యూల్, క్యూటీ ఐఎం మాడ్యూల్, ఎక్స్ మాడిఫయర్స్. ఎక్స్11 సెషన్ ఆ ఫైలును చదువుతుంది. వేలాండ్ సెషన్ దాని జోలికే పోదు.

సరే, పాత సెషన్‌లోనే ఉండిపోవచ్చు కదా అంటే, ఇక్కడో మెలిక ఉంది. ప్లాస్మా 5లో 'ప్లాస్మా.డెస్క్‌టాప్' అనే సెషన్ ఫైలు ఎక్స్11ది. ప్లాస్మా 6లో అదే పేరును వేలాండ్ సెషన్‌కు ఇచ్చి, ఎక్స్11కు 'ప్లాస్మాఎక్స్11' అని కొత్త పేరు పెట్టారు. కిందటిసారి వాడిన సెషన్ పేరును గుర్తుపెట్టుకునే లాగిన్ స్క్రీన్, మనిషిని అడక్కుండానే వేలాండ్‌లోకి తీసుకుపోయే అవకాశం ఇలా ఏర్పడింది. వాడేవాళ్లకు తెలిసేదల్లా నిన్నటిదాకా వచ్చిన తెలుగు ఇవాళ రావడం లేదన్నదే.

చేయాల్సింది ఇది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, దాని కింద వర్చువల్ కీబోర్డ్ పేజీ తెరిచి 'ఐబస్ వేలాండ్' ఎంచుకోవాలి. జీటీకే, క్యూటీ వరుసలు రెండూ తీసేయాలి. ఎక్స్ మాడిఫయర్స్ వరుసను మాత్రం, వేలాండ్ లోపల ఎక్స్11 లాగా పనిచేసే ఎక్స్‌వేలాండ్ మీద నడిచే పాత యాప్‌ల కోసం, డాట్ కాన్ఫిగ్‌లోని ప్లాస్మా వర్క్‌స్పేస్ ఎన్వ్ ఫోల్డర్‌లోకి మార్చాలి. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. మీకు 5 నిమిషాల పని. కానీ బల్ల మీద అసలు కీబోర్డు పెట్టుకుని కూర్చున్న టైపిస్టు 'వర్చువల్ కీబోర్డ్' అనే పేజీలోకి ఎందుకు వెళ్తాడు? ఆ పేరు చూసి టచ్‌స్క్రీన్ వ్యవహారం అనుకుని దాటిపోతాడు.

క్రోమియం రకం బ్రౌజర్లు, ఎలక్ట్రాన్‌తో కట్టిన యాప్‌లు నేరుగా వేలాండ్ మీద నడిచేటప్పుడు, కొన్ని వెర్షన్లలో 'ఎనేబుల్ వేలాండ్ ఐఎంఈ' అనే ఫ్లాగ్ ఇస్తే గానీ ఐబస్ పలకదు. లిబ్రెఆఫీస్‌లో తెలుగు వస్తుంది, బ్రౌజర్‌లో రాదు. కీబోర్డు పాడైందనుకుని కొత్తది కొన్నవాళ్లున్నారు.

ప్రభుత్వ ప్రామాణిక లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్లకు ఒక దగ్గరి దారి ఉంది, దాన్ని మీరెవరూ చెప్పడం లేదు. సిస్టమ్‌లో కీబోర్డు లేఅవుట్లు చూసుకునే ఎక్స్‌కేబీలోనే తెలుగు, తెలుగు కగప, తెలుగు సరళ అనే లేఅవుట్లు ఉన్నాయి. వీటికి ఐబస్ అక్కర్లేదు, వేలాండ్‌లో అన్ని యాప్‌లలోనూ ఒకేలా నడుస్తాయి. లోటు ఒకటుంది: ఎక్స్‌కేబీలో ఒక కీకి ఒక అక్షరమే కాబట్టి క్ష కు ఒంటి కీ ఉండదు, క, పొల్లు, ష అని మూడు కొట్టాలి. ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో రాసేవాళ్లకు ఈ దారి పనికిరాదు, వాళ్లకు ఐబస్, దానికి తెలుగు లేఅవుట్లు అందించే ఎం17ఎన్ తప్పవు.

ఎం17ఎన్ అంటే గుర్తొచ్చింది. టైపిస్టు అలవాటుకు తగ్గట్టు యాపిల్ లేఅవుట్ ఫైలులో ఒకటి రెండు కీలు మార్చి, ఆ ఫైలును సిస్టమ్ ఫోల్డర్‌లోనే ఉంచేసి వెళ్తున్నారు. ప్యాకేజీ అప్‌గ్రేడ్ కాగానే దాని మీద కొత్త ఫైలు పడి మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మార్చిన ఫైలు హోమ్‌లోని డాట్ ఎం17ఎన్ డాట్ డి ఫోల్డర్‌లో ఉండాలి. అక్కడ ఉంటే ఏ అప్‌గ్రేడూ దాన్ని ముట్టుకోదు.

2. పేర్లు తప్పుగా అచ్చవడం

ఇది బయటివాళ్లకు చిన్న విషయంగా కనిపిస్తుంది. రాజ్‌కుమార్ అని రాయాలంటే జ్ తర్వాత, రెండు అక్షరాలు కలవకుండా ఆపే జడ్‌డబ్ల్యూఎన్‌జే కావాలి. కంటికి కనబడని ఆ అక్షరం లేకపోతే రాజ్కుమార్ అని క కింద పడి ఒత్తైపోతుంది. విజయ్‌కాంత్, శ్రీనివాస్‌రెడ్డి, హరీష్‌బాబు అన్నీ ఇంతే. తెలుగు పెళ్లి పత్రికలో వరుడి పేరు ఇలా పడితే ఆ 300 కార్డులూ షాపు నెత్తిన పడతాయి. పెళ్లివారు డబ్బు ఇవ్వరు సరికదా, మళ్లీ గడప తొక్కరు.

చాలా సిస్టమ్‌లలో ఈ అక్షరానికి ఎక్స్‌మోడ్‌మ్యాప్‌తో ఒక కీ కేటాయించి పెట్టారు. ఎక్స్‌మోడ్‌మ్యాప్, సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ రెండూ వేలాండ్ యాప్‌ల మీద పనిచేయవు. తెర మీద ఎర్రర్ కూడా కనబడదు. కీ నొక్కితే ఏమీ పడదు, ఆ అక్షరం ఎప్పుడూ కనబడదు కాబట్టి తేడా తెలియదు. ప్రూఫ్ చూసేవాడు పట్టుకుంటే సరి, లేకపోతే అచ్చులో తేలుతుంది.

దీనికి దారులు రెండు. ఎక్స్‌కేబీ ఆప్షన్లలో స్పేస్ బార్ రెండో స్థాయికి జడ్‌డబ్ల్యూఎన్‌జే పెట్టే వీలు ఇప్పటికే ఉంది. ప్లాస్మా కీబోర్డ్ సెట్టింగ్స్‌లోని కీ బైండింగ్స్ జాబితాలో దొరుకుతుంది. లేదా కీడీ అనే ప్రోగ్రామ్ వేయాలి. అది కెర్నల్ స్థాయిలో కీలు మారుస్తుంది కాబట్టి ఎక్స్11 అయినా వేలాండ్ అయినా దానికి ఒకటే. ఆటోకీ, ఎక్స్‌డూటూల్‌తో రాసుకున్న షార్ట్‌కట్లూ ఇలాగే ఆగిపోతున్నాయి. "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని మూడు కీలతో పడేది ఇప్పుడు ప్రతి కార్డుకూ అక్షరం అక్షరం కొట్టుకోవాల్సి వస్తోంది.

3. చేయి అందించే దారి కూడా తెగిపోవడం

మీరు దూరం నుంచి స్క్రీన్ చూసి సాయం చేసేది ఎక్కువగా ఎక్స్11వీఎన్‌సీ తోనే. వేలాండ్‌లో అది నడవదు. మిగతా రిమోట్ డెస్క్‌టాప్ యాప్‌లు పోర్టల్ ద్వారా అనుమతి అడుగుతాయి. స్క్రీన్ పంచుకోవాలా అని అడిగే ఆ పెట్టె మీ దగ్గర రాదు, ఇక్కడి మానిటర్ మీద వస్తుంది. దాన్ని ఎవరైనా చదివి, ఒప్పుకుని, నొక్కాలి. తాళం వేసిన షాపులో రాత్రి 11 గంటలకు ఎవరు నొక్కుతారు? గ్నోమ్ 46లో, దూరం నుంచి డెస్క్‌టాప్ తెరిచే ఆర్‌డీపీ ద్వారా రిమోట్ లాగిన్, ప్లాస్మా 6.1లో అదే ఆర్‌డీపీతో నడిచే కేఆర్‌డీపీ వచ్చాయి. అప్‌గ్రేడ్‌కు ముందే వీటిని సెటప్ చేసే పథకం లేకపోతే, సమస్య తెచ్చిపెట్టిన అప్‌గ్రేడే దాన్ని బాగుచేసే దారిని కూడా మూసేసినట్టు.

4. ఫాంట్లు, పేజీలు

డాక్యుమెంట్‌లో తెలుగు ఫాంట్ పేరు స్పష్టంగా ఇవ్వకపోతే ఫాంట్‌కాన్ఫిగ్ తనకు తోచింది ఎంచుకుంటుంది. అప్‌గ్రేడ్‌లో కొత్త నోటో ప్యాకేజీ వచ్చినా, పాత లోహిత్ ప్యాకేజీ పోయినా ఆ ఎంపిక మారిపోతుంది. అక్షరాల వెడల్పు, ఒత్తుల కోసం వదిలే జాగా తేడా ఉండడం వల్ల వరుసలు జరిగి, 64 పేజీల పుస్తకం 67 పేజీలవుతుంది. విషయసూచికలో పేజీ నంబర్లన్నీ తప్పు. పేజీలు కూర్చే స్క్రైబస్‌లోనూ అంతే, తెలుగు ఒత్తులు సరిగా కూర్చే 1.6 వెర్షన్ ఉన్నా, ఫాంటే మారిపోతే అది మాత్రం ఏం చేస్తుంది?

ఎఫ్‌సీ-మ్యాచ్ కమాండ్‌కు 'కోలన్ లాంగ్ ఈక్వల్స్ టీఈ' అని ఇస్తే సిస్టమ్ ఏ తెలుగు ఫాంట్ ఎంచుకుంటోందో చెబుతుంది. అప్‌గ్రేడ్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నడిపి రెండు జవాబులూ ఒకటేనేమో చూడండి. అర నిమిషం పట్టదు.

గ్నోమ్‌లో 125 శాతం స్కేలింగ్ పెడితే ఎక్స్‌వేలాండ్ యాప్‌లలో అక్షరాలు మసకబారుతాయి. ఇంగ్లిష్ అక్షరమైతే ఎలాగో పోల్చుకోవచ్చు. తెలుగులో ఘ కు, ఫు కు తేడా తెలియకపోతే ప్రూఫ్ చూడడం ఎలా?

5. చూపు లేనివాళ్లు

ఓర్కా స్క్రీన్ రీడర్‌తో, ఈస్పీక్ తెలుగు గొంతుతో చదువుకునేవాళ్ల దగ్గర అప్‌గ్రేడ్ చేయడమంటే ఇంట్లో ఉండగానే గోడలు జరపడం. వేలాండ్‌లో ఒక యాప్ ఇంకో యాప్ కీలను వినకూడదన్న భద్రతా నియమం ఓర్కాకూ వర్తించింది. క్యాప్స్‌లాక్‌ను ఓర్కా కీగా వాడుకోవడం వేలాండ్‌లో సరిగా కుదిరింది 2025 మార్చిలో వచ్చిన గ్నోమ్ 48 నుంచే. ఉబుంటు 24.04లో ఉన్నది గ్నోమ్ 46. అంటే నంప్యాడ్ లేని ల్యాప్‌టాప్ మీద ఓర్కా వాడే విద్యార్థికి 24.04 వేసి వేలాండ్‌లో వదిలేస్తే, ఆ పిల్లకు కంప్యూటర్ లేనట్టే. అక్కడ లాగిన్ స్క్రీన్‌లోని గేర్ గుర్తు నొక్కి 'ఉబుంటు ఆన్ ఎక్స్ఆర్గ్' ఎంచి వెళ్లండి, లేదా డెబియన్ 13 వేయండి. రెండూ కుదరకపోతే ఉన్నదాన్ని కదపకండి.

6. ఎక్స్‌టెన్షన్లు, అలవాట్లు

గ్నోమ్ 45లో ఎక్స్‌టెన్షన్ల జావాస్క్రిప్ట్ పద్ధతి మొత్తం మార్చారు. 44 దాకా నడిచినవి తిరగరాస్తే గానీ 45లో లోడ్ కావు. అందుకే 22.04 నుంచి 24.04కి మారిన మెషీన్లలో కింది ప్యానెల్ మాయమైంది. ప్లాస్మా 6లోనూ పాత విడ్జెట్లు క్యూటీ6కి మార్చకపోతే రావు. ఫోల్డర్ తెరవడానికి ఒక క్లిక్ బదులు డబుల్ క్లిక్ డిఫాల్ట్ అయింది. ఇవన్నీ రెండు రోజుల్లో సర్దుకునేవే, వీటి మీద పెద్ద గొడవ లేదు. కాకపోతే ఏం మారిందో ఒక కాగితం మీద తెలుగులో రాసి మానిటర్ పక్కన అంటించి వెళ్తే బాగుంటుంది.

7. పాత గ్రాఫిక్స్ కార్డులు

జీటీ 710 లాంటి కెప్లర్ కార్డులకు ఎన్విడియా 470 డ్రైవరే ఆఖరు. వేలాండ్ కంపోజిటర్లకు కావలసిన జీబీఎం మద్దతు ఎన్విడియా డ్రైవర్లలో 495 నుంచి మొదలైంది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చదివితే నల్లటి స్క్రీన్ ఎందుకొస్తోందో అర్థమవుతుంది. ఓపెన్‌సోర్స్ నూవో డ్రైవర్‌కు మార్చండి, లేదంటే ఆ కార్డు పీకేసి మదర్‌బోర్డులోని ఇంటెల్ గ్రాఫిక్స్‌కే కేబుల్ తగిలించండి. ఇక 32 బిట్ మెషీన్లకైతే డెబియన్ 13లో కెర్నల్, ఇన్‌స్టాలర్ రెండూ లేవు. వాటిని 12లోనే వదిలేయాలి.

మా డిమాండ్లు:

1. అప్‌గ్రేడ్‌కు ముందు కొత్త వెర్షన్ లైవ్ యూఎస్‌బీతో అదే మెషీన్ మీద బూట్ చేసి, ఐబస్, ఎం17ఎన్ వేసి, ఈ నాలుగు మాటలు కొట్టించండి: రాజ్‌కుమార్, క్షేత్రజ్ఞుడు, స్త్రీ, జ్యోత్స్న. లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్, క్రోమియం, స్క్రైబస్ నాలుగింటిలోనూ. కొట్టేది మీరు కాదు, రోజూ ఆ కుర్చీలో కూర్చునే మనిషి.

2. టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్ తీశామని చేతులు దులుపుకోకండి. అది హోమ్ ఫోల్డర్‌ను మామూలుగా వదిలేస్తుంది. కొత్త ప్లాస్మా సెట్టింగ్స్‌ను తన పద్ధతిలోకి మార్చేసుకున్నాక సిస్టమ్‌ను మాత్రమే వెనక్కి తిప్పితే పాతదీ కొత్తదీ కలగలిసి ఇంకో కొత్త రోగం. డాట్ కాన్ఫిగ్, డాట్ లోకల్, డాట్ ఎం17ఎన్ డాట్ డి ఫోల్డర్లు, గ్నోమ్ అయితే దాని సెట్టింగ్స్ ఉండే డీకాన్ఫ్ డంప్ కూడా వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. ఆ పెన్‌డ్రైవ్ షాపులోనే ఉంచండి.

3. ఎక్స్11 సెషన్ దొరికే వెర్షన్లలో దాన్ని తప్పకుండా ఇన్‌స్టాల్ చేసి, దానిలోకి ఎలా వెళ్లాలో ఇక్కడి ఒకరికి చేయించి చూపించండి. చెబితే చాలదు, వాళ్ల చేత చేయించాలి.

4. ముహూర్తాలున్న నెలల్లో ప్రింటింగ్ షాపుల సిస్టమ్‌లను ముట్టుకోవద్దు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం మాకు ఊపిరాడని రోజులు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం మీవి. మధ్యలో మూఢం వస్తే అదీ మీదే. బడులకైతే మార్చి వద్దు.

5. తొందరేమీ లేదని గుర్తించండి. ఉబుంటు 22.04కి 2027 దాకా, డెబియన్ 12కి ఎల్‌టీఎస్ అనే పొడిగించిన మద్దతు కింద 2028 జూన్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. కొత్తది వచ్చిందన్నది అప్‌గ్రేడ్‌కు కారణం కాదు. పాతదానికి మద్దతు పోతోందంటే అప్పుడు రండి.

6. బగ్ రిపోర్టులు మీరు రాయండి. కేడీఈ బగ్‌జిల్లాలోనూ, గ్నోమ్ గిట్‌ల్యాబ్‌లోనూ వెర్షన్, సెషన్ రకం, గ్రాఫిక్స్ డ్రైవర్, ఐబస్ ఇంజన్ పేరు, సమస్యను మళ్లీ తెప్పించే మెట్లు ఇంగ్లిష్‌లో రాస్తేనే ఎవరైనా చూస్తారు. చైనీస్, జపనీస్ టైపింగ్ సమస్యలు రాసేవాళ్లు ఉన్నారు కాబట్టే అవి డెవలపర్ల కంట్లో పడుతున్నాయి. తెలుగు టైపిస్టుకు లక్షణం తెలుసు, ఏ భాగంలో లోపమో తెలియదు. ఆ మధ్య దూరం దాటగలిగింది మీరొక్కరే. ఇక్కడివాళ్లు వీడియో తీసి పంపుతారు, మీరడిగిన కమాండ్ నడిపి ఫోటో పెడతారు. 'అప్‌స్ట్రీమ్ సమస్య' అని చెప్పే ప్రతిసారీ ఆ రిపోర్టు నంబర్ కూడా ఇవ్వండి. నంబర్ లేని జవాబు ఇకపై ఒప్పుకోం.

వీటిలో ఏవి చేయగలరో, ఏవి చేయలేరో ఈ ఆషాఢం లోపు గ్రూపులోనే అందరి ముందూ చెప్పండి. చేయలేమన్నా కోపం లేదు, మీకూ ఉద్యోగాలున్నాయి. అలాగైతే డీటీపీ మెషీన్లన్నీ ఎక్స్11 మీదే నిలకడగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌కు మార్చుకుంటాం. దాని ఇన్‌స్టాలేషన్ వరకు ఒక్కసారి వచ్చి చేసిపెట్టి, రూట్ పాస్‌వర్డ్ మా చేతికిచ్చి వెళ్లండి.

ఇట్లు,
బెంగళూరులో లినక్స్ మీద తెలుగు పని చేసుకునే డీటీపీ ఆపరేటర్లు, ప్రూఫ్ రీడర్లు, తెలుగు ఉపాధ్యాయులు